ఎమ్‌టీబీని ట్రైనర్‌కి ఎక్కించాక గేర్లు దూకుతున్నాయా?

మీ 9 స్పీడ్ (వెనక 9 పళ్ల చక్రాలున్న) ఎమ్‌టీబీ, అంటే మౌంటెన్ బైక్, రోడ్డు మీద బాగానే ఉండి, డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్‌కి (వెనక చక్రం తీసేసి సైకిల్‌ని బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండ్‌కి) ఎక్కించగానే మధ్య గేర్లలో చైన్ దూకుతోందంటే, చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డిరెయిలర్‌ని తిట్టకండి పాపం, ముందు ట్రైనర్‌కి ఉన్న క్యాసెట్‌లో (పళ్ల చక్రాల గుత్తిలో) ఎన్ని చక్రాలున్నాయో లెక్కపెట్టండి. 11 ఉంటే దొంగ దొరికినట్టే. 9 స్పీడ్‌లో చక్రానికీ చక్రానికీ దూరం సుమారు 4.35 మి.మీ., 11 స్పీడ్‌లో దాదాపు 3.7 మాత్రమే. అందుకే ఒకటి రెండు గేర్లు కుదిరినట్టే ఉంటాయి, తర్వాత గాడి తప్పుతుంది. ఎంత ట్యూన్ చేసినా దండగే.

9 స్పీడ్ క్యాసెట్ కొని వేయండి. ట్రైనర్‌ది 11 స్పీడ్ రోడ్ హబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) అయితే క్యాసెట్ వెనకాల 1.85 మి.మీ. స్పేసర్ (సన్నటి రింగు) పడాలి. నేను మొదటిసారి అది మర్చిపోయాను, క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగించినా క్యాసెట్ చేత్తో పట్టుకుంటే టకటకా ఊగింది. అరగంట బుర్ర గోక్కున్నాను.

క్విక్ రిలీజ్ (లివర్‌తో చక్రం బిగించే) ఫ్రేమ్ అయితే ట్రైనర్‌కి ఫ్రేమ్ వెడల్పుకి సరిపోయే 135 మి.మీ. ఎండ్ క్యాప్స్ వేశారో లేదో చూడండి, రోడ్ సైకిళ్లవి 130 ఉంటాయి.

ఆ తర్వాత కూడా చైన్ పెద్ద చక్రం ఎక్కడానికి మొరాయిస్తే గేర్ కేబుల్ బిగువు మార్చే బ్యారెల్ అడ్జస్టర్‌ని అపసవ్యంగా పావు తిప్పు తిప్పి చూడండి, చిన్నదాని మీదికి దిగకపోతే సవ్యంగా. డిరెయిలర్ ఎంత దూరం జరగాలో ఆపే లిమిట్ స్క్రూల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎన్ని తిప్పులు తిప్పారో రాసిపెట్టుకోండి, ఆదివారం రోడ్డెక్కడానికి వెనక చక్రం మళ్లీ వేసినప్పుడు అన్నే వెనక్కి తిప్పుకోవచ్చు.