అమ్మాయి దరఖాస్తులు మీరెందుకు నింపుతున్నారు?

ప్రశ్న: మా అమ్మాయికి చూపు లేదు. డిగ్రీ పూర్తి కావస్తోంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో ల్యాప్‌టాప్ బాగానే వాడుతుంది. కానీ ఆన్‌లైన్ కెరీర్ టెస్టులో ‘ఆసక్తులు స్పష్టంగా లేవు’ అని వచ్చింది. జాబ్ పోర్టళ్లలో దరఖాస్తులు నేనే నింపుతున్నాను. ఇంటి నుంచి చేసే డేటా ఎంట్రీ మంచిదా, కస్టమర్ సపోర్టా? – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ రిజల్ట్ పక్కన పెట్టేయండి. ఇలాంటి కొన్ని టెస్టుల్లో ‘మీకు నచ్చిన బొమ్మ ఎంచుకోండి’ అని ఉంటుంది. బొమ్మకు వివరణ రాయకపోతే స్క్రీన్ రీడర్ ‘ఇమేజ్, ఇమేజ్’ అని ఊరుకుంటుంది. ముందుకు వెళ్లాలంటే ఏదో ఒకటి నొక్కాల్సిందే. అలా వచ్చిన రిజల్ట్ అమ్మాయి గురించి ఏం చెబుతుంది? అవే ప్రశ్నలు ఎదురుగా కూర్చుని నోటితో అడిగే కౌన్సెలర్ దగ్గరకు పంపండి.

పోర్టళ్ల సంగతీ అంతే. పేరు లేని బటన్లు, సగం నింపేసరికి టైమ్ అయిపోయి మళ్లీ మొదటికొచ్చే పేజీలు. బొమ్మకు వివరణ, బటన్‌కు పేరు ఉండాలని, వెబ్‌సైట్లు వికలాంగులూ వాడగలిగేలా ఉండేందుకు పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు 2008 నాటికే స్పష్టంగా చెప్పాయి. తప్పు అవి పాటించనివాళ్లది. ఈ మాట అమ్మాయి మీ నోట వినాలి.

ఇక కాస్త కటువుగానే చెబుతాను. దరఖాస్తులన్నీ మీరు నింపితే, రేపు కంపెనీ ఫోన్ చేసినప్పుడు అది ఏ ఉద్యోగమో ఆమె మిమ్మల్నే అడగాలి. ఇది సాయం కాదండీ. ఆమె ఆగిపోయి, పిలిచినప్పుడే వెళ్లండి. హెచ్ఆర్‌కు మెయిల్ కూడా ఆమే పెట్టాలి: ‘అప్‌లోడ్ బటన్‌ను స్క్రీన్ రీడర్ చదవడం లేదు. రెజ్యూమే మెయిల్‌లో పంపవచ్చా? పరీక్షకు అదనపు సమయం ఇస్తారా?’ బతిమాలుతున్నట్టు అనుకోవద్దు. నియామకాల్లో వివక్ష కూడదని, పనిచోట తగిన సర్దుబాట్లు చేయాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోనే ఉంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే అందరూ ‘ఇలాంటి పిల్లలకు అదే బెస్ట్’ అంటున్నారు. నాకు అనుమానమే. ప్రయాణం తప్పుతుంది, నిజమే. కానీ పని నేర్పే సీనియర్, పక్క సీటు స్నేహితులు, ప్రమోషన్ గురించి చెవిన పడే మాట... ఇవి గదిలో దొరకవు. పైగా డేటా ఎంట్రీ అంటే చాలాచోట్ల స్కాన్ చేసిన కాగితాలు చూసి కొట్టడమే. అక్షరాలుగా మార్చని స్కాన్‌ను స్క్రీన్ రీడర్ చదవలేదు. ముందుగా డబ్బు కట్టమంటే అది మోసమే. కస్టమర్ సపోర్ట్ అయితే, వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను చేరకముందే ఆమె ఒకసారి వాడి చూడాలి.

మీ తర్వాత ఆమెకు ఎవరున్నారన్నదే మీ టెన్షన్ అని తెలుసు. దాదాపు ప్రతి తల్లిదండ్రుల ఉత్తరంలోనూ అదే చూస్తాను. స్క్రీన్ రీడర్‌తో డిగ్రీ దాకా వచ్చిన పిల్ల తన ఉద్యోగం తను వెతుక్కోగలదు, ధైర్యంగా ఉండండి. పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు ఈరోజే ఆమెకు ఇచ్చేయండి. అన్నట్టు, ఆమె ఏం చదువుతోందో, ఏదంటే ఇష్టమో మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.