కంటికి తెలిసిన ఇంగ్లీషు చెవికి తెలియకపోతే: మిర్యాలగూడ తండ్రికి జవాబు

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అబ్బాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత నల్లగొండలో బీటెక్ మెకానికల్ చదివిండు. యూకేలో ఎమ్మెస్ కోసం పది రోజుల కింద హైదరాబాద్ పోయి కంప్యూటర్ మీద ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసిండు. రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6 వచ్చినయ్. లిజనింగ్ మాత్రం 5.5. మొత్తం 6. యూనివర్సిటీ మొత్తం 6.5 అడుగుతోంది, ఏ సెక్షన్‌లోనూ 6 తగ్గొద్దంటోంది. హైదరాబాద్‌లో నెల రోజుల క్రాష్ కోర్సులో వేయాల్నా, పీటీఈ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష రాయించాల్నా, ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే సరిపోతదా? వచ్చే నెలకే మళ్లీ డేట్ తీసుకుందామనుకుంటున్న. బత్తాయి తోట మీద లోన్ కూడా మాట్లాడి పెట్టిన. ఇక్కడ ఆడియోనే అర్థం కాకపోతే వీడు అక్కడ ఎట్ల బతుకుతడు?

జవాబు: మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మిమ్మల్ని రాత్రిపూట నిద్రపోనివ్వనిది మాత్రం ఆ చివరి మాటే. దేవరకొండ నుంచి వచ్చినా, జడ్చర్ల నుంచి వచ్చినా, తల్లిదండ్రులు వెళ్లే ముందు గొంతు తగ్గించి నన్ను ఇదే అడుగుతారు. "తెలుగు మీడియంలో వేసి పిల్లగానికి అన్యాయం చేసినమా మేడమ్?" అని. చేయలేదు. ముందు ఆ బరువు దించుకోండి.

ఇంగ్లీషు రానివాడికి రీడింగ్‌లో 6.5 రాదు. మీ అబ్బాయికి మాటలు తెలుసు, వాక్యం తెలుసు. కాకపోతే అవన్నీ కంటితో నేర్చుకున్నవి. పుస్తకంలో కనబడితే గుర్తుపడతాడు, గాలిలో వస్తే గుర్తుపట్టడు. మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు కూడా ఇదే చోట తడబడటం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లు విన్నదీ మన సార్లు మాట్లాడే ఇంగ్లీషే కదా.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చెబుతాను. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట్లో బస్సు అయింది, పెన్ పెన్ను అయింది, రోడ్ రోడ్డు అయింది. చివర ఆ అచ్చు వినబడితేనే మాట పూర్తయిందని మన చెవికి అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఆ చివరి హల్లును సగం మింగేస్తారు, లేదంటే తర్వాతి మాటకు అంటించేస్తారు. 'ఫిల్ ఇట్ ఇన్' అని కాగితం మీద మూడు మాటలుంటాయి. చెవికి 'ఫిలిటిన్' అని ఒక్కటే వచ్చి తగులుతుంది. 'టికెట్స్' అన్నప్పుడు చివరి 'స్' జారిపోతుంది, మీవాడు 'టికెట్' అని రాస్తాడు, ఆ మార్కు పోతుంది. ఇంకొకటి, మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. వాళ్లు మాటలో ఒక్కచోట బలం పెట్టి మిగతాదంతా నలిపేస్తారు. మనం 'కంఫర్టబుల్' అని చదువుకున్నది వాళ్ల నోట 'కంఫ్టబ్ల్' అవుతుంది. ఆస్ట్రేలియా మనిషి మాట్లాడితే 'డే' అన్నది 'డై' లాగా వినబడుతుంది. పరీక్షలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, కెనడా యాసలు ఏవైనా రావచ్చు.

శ్రీకాకుళం వైపు నుంచి మన జిల్లాకు ఉద్యోగానికి వచ్చినవాళ్లను చూడండి. "పొద్దుగాల రాండ్రి", "గీడ పెట్టు" అంటే మొదటి నెల ఒక క్షణం ఆగి మన మొహం చూస్తారు. మూడో నెలకు ఆ ఆగడం ఉండదు. వాళ్లు కొత్తగా తెలుగు నేర్చుకోలేదు, వాళ్ల చెవి సర్దుకుంది. మీవాడికి కావలసింది ఆ సర్దుబాటే.

పోయిన ఏడాది ఒక అబ్బాయిని నా ఎదురుగా కూర్చోబెట్టి రెండు నిమిషాల ఆడియో పెట్టాను. హాస్టల్ గది కోసం ఒకరు ఫోన్ చేసి మాట్లాడే సంభాషణ. అవతలామె 'ట్యూస్‌డే' అనగానే గబగబా రాసేశాడు. ఆ వెంటనే ఆమె, మంగళవారం ఖాళీ లేదు, గురువారం పెట్టుకుందాం అంది. అది అతనికి వినబడలేదు, ఎందుకంటే తల వంచుకుని ట్యూస్‌డే స్పెల్లింగ్ రాస్తున్నాడు. గది నంబర్ 'ఫిఫ్టీన్' అంటే 50 వేశాడు. ఫోన్ నంబర్‌లో 'డబుల్ సెవెన్'కు ఒక్క ఏడే పడింది. సున్నాను 'ఓ' అని చదివితే అదేంటో అర్థంకాక పెన్ను ఆగిపోయింది, ఈలోపు తర్వాతి జవాబు కూడా దాటిపోయింది. రెండు నిమిషాల్లో ఐదు తప్పులు. వాటిలో ఒక్కటి కూడా ఇంగ్లీషు రాక జరిగింది కాదు. ఆడియో ఒక్కసారే వస్తుందన్న భయంతో మొదట వినబడిన ముక్కనే పట్టుకుని, మిగతాది వదిలేయడం వల్ల జరిగింది. పరీక్ష తయారుచేసేవాళ్లు ఆ మాట మార్చడాన్ని కావాలనే పెడతారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లిజనింగ్‌లో ఉన్నవి 40 ప్రశ్నలు. 5.5 అంటే మీవాడు ఇరవై దాకా సరిగ్గా రాశాడన్నమాట. 6.5కు 26, 27 కావాలి. అంటే ఇంకో ఆరేడు. మొత్తం బ్యాండ్, అంటే చివరికి వచ్చే స్కోరు, నాలుగింటి సగటు. లిజనింగ్ ఒక్కటి 6.5 అయితే సగటు 6.25 అవుతుంది, దాన్ని 6.5గా లెక్కిస్తారు. తోట తాకట్టు దాకా వెళ్లిన మీ టెన్షన్ వెనుక ఉన్నది ఈ ఆరేడు జవాబులే. నెగటివ్ మార్కులు కూడా లేవు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, డేట్ తీసుకునే ముందే ఇది తెలియాలి. కంప్యూటర్ మీద రాసినవాళ్లు నాలుగింటిలో ఒక్క సెక్షన్ మాత్రమే మళ్లీ రాసుకునే వీలుంది. వన్ స్కిల్ రీటేక్ అంటారు, మన దేశంలో 2023 నుంచి ఉంది. మొదటి పరీక్ష రాసిన రోజు నుంచి 60 రోజుల్లోపు, ఒక్కసారే. మీకు పది రోజులు గడిచాయి, ఇంకా ఏడు వారాలు చేతిలో ఉన్నాయి. యూనివర్సిటీలన్నీ దీన్ని ఒప్పుకోవు కాబట్టి, మీ అబ్బాయి చేతనే ఆ యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ పెట్టించండి. జవాబు రాతలో రావాలి, కన్సల్టెన్సీ వాళ్ల నోటి మాట పనికిరాదు. వాళ్లు సరే అంటే, బాగా వచ్చిన మూడు సెక్షన్లను మళ్లీ రాసి పోగొట్టుకునే భయం ఉండదు.

ఇక క్రాష్ కోర్సు. నా అనుమానాలు దాచుకోకుండా చెబుతాను. రైటింగ్‌కు కోచింగ్ పనికొస్తుంది, ఎందుకంటే రాసింది ఇంకొకరు దిద్దాలి. స్పీకింగ్‌కూ కొంత పనికొస్తుంది. లిజనింగ్‌కు మాత్రం నెల రోజుల క్రాష్ కోర్సు అంటే నాకు నమ్మకం లేదు. క్లాసులో ముప్పై మందికి ఒక స్పీకర్ పెట్టి రోజుకో పూర్తి టెస్ట్ వినిపిస్తారు, తర్వాత జవాబుల కీ చదువుతారు, పిల్లలు టిక్కులు పెట్టుకుంటారు. ఇరవై వచ్చినవాడికి మర్నాడూ ఇరవయ్యే వస్తుంది. తప్పు ఎక్కడ, ఎందుకు జరిగిందో ఎవరూ వెనక్కి వెళ్లి వినిపించరు, ముప్పై మందికి అది కుదిరే పనీ కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి అలాంటి చోట నెల రోజులు టెస్టులు రాసింది. బ్యాండ్ పెరగలేదు, తనకు ఇంగ్లీషు రాదన్న నమ్మకం మాత్రం గట్టిపడింది. ఆ నమ్మకాన్ని పోగొట్టడానికే నాకు మూడు వారాలు పట్టింది. పైగా హాస్టల్, తిండి, బస్సు ఖర్చులు.

పీటీఈ ఈజీ అన్న మాట ఈ మధ్య మన దగ్గర బాగా తిరుగుతోంది. కొందరికి నిజమే. మీవాడికి కాదు. పీటీఈలో వాక్యం ఒక్కసారి వినిపించి అలాగే తిరిగి చెప్పమంటారు, ఇంకో చోట ఒక్కసారి విని మొత్తం టైప్ చేయమంటారు. ఉపన్యాసం విని మళ్లీ చెప్పాలి. చెవి బలహీనంగా ఉన్నవాడికి ఐఈఎల్‌టీఎస్‌లో ఒక సెక్షన్ దెబ్బ తింటే, పీటీఈలో స్పీకింగ్ కూడా దెబ్బ తింటుంది. పరీక్ష మారిస్తే చెవి మారదు.

కాబట్టి ఇంట్లోనే, రోజుకు నలభై నిమిషాలు, ఏడు వారాలు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' అని ఉచితంగా దొరుకుతుంది, మాట్లాడినదంతా రాతలో పక్కనే ఉంటుంది. అందులో రెండు మూడు నిమిషాల ముక్క చాలు. మొదటిసారి ఆపకుండా వినాలి. రెండోసారి వాక్యం వాక్యం ఆపి, వినబడింది వినబడినట్టు రాయాలి. అప్పుడు రాత ముందు పెట్టుకుని ఎర్ర పెన్నుతో పోల్చాలి. తప్పిపోయిన ప్రతి మాటనూ నోట్‌బుక్‌లో రెండు వరసల్లో ఎక్కించాలి: మొదటి వరసలో ఇంగ్లీషు స్పెల్లింగ్, రెండో వరసలో అది చెవికి ఎలా వచ్చిందో తెలుగు లిపిలో. మన లిపి ఎట్ల పలికితే అట్ల రాసుకునేది. ఆ సౌకర్యం ఇంగ్లీషు లిపికి లేదు, దాన్ని వాడుకోండి. చివరగా కళ్లు మూసుకుని ఇంకోసారి విని, వాళ్లతో పాటే పైకి పలకాలి. నోరు ఒకసారి 'ఫిలిటిన్' అన్న తర్వాత చెవి దాన్ని వదలదు.

పూర్తి మాక్ టెస్ట్ వారానికి ఒక్కటే, ఆదివారం పొద్దున, మధ్యలో ఆపకుండా. అది కొలవడానికి. రోజూ బరువు చూసుకుంటే పిల్లవాడు ఏపుగా పెరగడు కదా. మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి కొనండి, ఫోన్ స్పీకర్‌లో ఫ్యాన్ చప్పుడు మధ్య వినొద్దు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో సినిమాలు చూడమని చాలామంది చెబుతారు. అది మళ్లీ కంటికి మేత, చెవికి పెద్దగా ఒరిగేది లేదు.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. వచ్చే నెలకు డేట్ "తీసుకుందామనుకుంటున్న" అన్నారు. రాసేది మీరు కాదు. మీరు పంపిన ప్రశ్నలో యూనివర్సిటీ ఏం అడుగుతోందో ఉంది, తోట ఉంది, లోన్ ఉంది. మీ అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఒక్క మాట లేదు. ఫీజు పదిహేను వేలు దాటుతుంది, కోపంలో కట్టే డబ్బు కాదది. మార్కులు వచ్చిన రోజు సాయంత్రం మీ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. ఫలానావాళ్ల పిల్లగానికి 7.5 వచ్చిందట అన్న మాట వచ్చే ఉంటుంది. ఆడియో మొదలవగానే ఆ మాట గుర్తొస్తే ఏ పిల్లవాడికీ తర్వాతి వాక్యం వినబడదు. ఇక నుంచి రోజూ ఒక గంట ఇంట్లో టీవీ ఉండొద్దు. మధ్యలో తలుపు తీసి "ఎన్ని కరెక్ట్ వచ్చినయ్ రా" అని అడగొద్దు.

తోట విషయం కూడా. యూకే ఎమ్మెస్ మీద నాకు ఇదివరకటి ధైర్యం లేదు. చదువు అయ్యాక అక్కడ ఉండి పని వెతుక్కునే గడువు ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలే. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు, అంటే ఉద్యోగ వీసాకు, సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపాలి. అప్పుడే చదువు ముగించినవాళ్లకు ఈ మొత్తం కొంత తక్కువ. మెకానికల్‌లో అంత జీతం ఇచ్చే కంపెనీ వీసాకు స్పాన్సర్‌షిప్ కూడా ఇవ్వాలి. అందరికీ అసాధ్యం అని అనను, నా దగ్గర చదివి వెళ్లి నిలబడ్డవాళ్లున్నారు. కానీ వాళ్లు వెళ్లే ముందే ఏ పని కోసం వెళ్తున్నారో చెప్పగలిగారు. మీవాడిని అది అడగండి. ఈలోపు తోట కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, ఎస్సీ ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, మైనారిటీలకు వేరుగా మన ప్రభుత్వ విదేశీ విద్యా నిధి పథకాలున్నాయి. సాయం 20 లక్షల దాకా ఉంటుంది. బ్యాంకు మేనేజర్ కంటే ముందు నల్లగొండలో మీ వర్గానికి సంబంధించిన సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి ఇప్పటి నిబంధనలు కనుక్కోండి.

అక్కడ ఎట్ల బతుకుతడు అన్నారు. బతుకుతాడు. బస్సులో, దుకాణంలో, క్లాసులో అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి" అనొచ్చు, ఎదుటివాళ్లు చెబుతారు. పరీక్ష ఆడియో ఒక్కటే రెండోసారి చెప్పదు. ఉపాధి కోసం పాలమూరు నుంచి ముంబై వెళ్లినవాళ్లు మరాఠీ, హిందీ ముందే నేర్చుకుని వెళ్లారా? మీవాడు వాళ్లకంటే చాలా ఎక్కువ భాషతో వెళ్తున్నాడు.

ఈ కింది నాలుగు మాటలు మీ అబ్బాయికి చదివి వినిపించకండి, ఫోన్ అతని చేతికే ఇవ్వండి.

తమ్ముడూ, ప్రశ్నలు చదువుకోవడానికి ఇచ్చే ఆ కొద్ది సెకన్లలో ఖాళీలో రావాల్సింది అంకెనా, పేరా, రోజా, వస్తువా అని చూసుకో. జవాబు వినబడగానే దాని మీద వాలిపోకు, ఇంకో వాక్యం ఆగు. ఒకటి తప్పిపోతే దాన్ని వదిలేసి తర్వాతి నంబర్‌కు వెళ్లిపో, పద్నాలుగు కోసం ఏడుస్తూ పదిహేను, పదహారు పోగొట్టుకోకు. స్పెల్లింగ్ తప్పయితే మార్కు రాదు, అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు. మెయిల్ ఇవాళే పెట్టు. యూకే వెళ్లాలని నీకే లేకపోతే అది కూడా నాకు రాయి, నాన్నగారితో నేను మాట్లాడతాను. రెండు వారాల తర్వాత నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపు. మాక్ టెస్ట్ మార్కులు వద్దు, తెలుగులో రాసిన ఆ రెండో వరస చూడాలి నాకు.