టీబీ క్రిమి జన్యువుల మీద పరిశోధన చేస్తే జీవితం ఎలా ఉంటుంది?

చెల్లీ, ఆమదాలవలసలో ఉంటూ బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడు చదువుతున్నానని, రోగాలు తెచ్చే బ్యాక్టీరియా జన్యువుల మీద పరిశోధన చేయాలని ఉందని, ఇంట్లో మాత్రం బీఈడీ చేసెయ్యమంటున్నారని రాశావు. ఈ పని రోజూ ఎలా ఉంటుంది, బతుకు నడుస్తుందా అని అడిగావు. పదకొండేళ్లుగా టీబీ మీదే పనిచేస్తున్నాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

మాది గజపతినగరం దగ్గర పల్లె. నేను ఇంటర్లో ఉండగా మా చిన్న మామయ్యకు టీబీ వచ్చింది. ఆరు నెలలు వాడాల్సిన మందులు రెండు నెలలకే మానేశాడు. దగ్గు తగ్గింది, అదొకటి. అంతకంటే ఎక్కువగా, మూత్రం ఎర్రగా వస్తోందని భయపడ్డాడు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వేసుకుంటే ఆ రంగు వస్తుంది, హాని ఏమీ లేదు. ఆ ఒక్క ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టింది, ఈసారి అవే మందులకు లొంగలేదు. మామయ్య మాకు దక్కలేదు. మొదట పనిచేసిన మందు తర్వాత ఎందుకు పనిచెయ్యలేదన్న ప్రశ్న ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి, అక్కడి నుంచి హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి నన్ను తీసుకెళ్లింది.

టీబీ బ్యాక్టీరియా డీఎన్ఏలో దాదాపు 44 లక్షల అక్షరాలుంటాయి, అన్నీ ఏ, టీ, జీ, సీ అనే నాలుగింటిలోవే. 1998లో శాస్త్రవేత్త స్టీవర్ట్ కోల్ బృందం వాటిని చదివి ప్రచురించింది. అందులో ఆర్‌పీఓబీ అనే జన్యువు ఉంది. డీఎన్ఏని ఆర్ఎన్ఏగా తిరగరాసే ఎంజైములో ఒక భాగం దాని నుంచే తయారవుతుంది. రిఫాంపిసిన్ వెళ్లి ఆ భాగాన్ని పట్టుకుని రాతను ఆపేస్తుంది. ఆ జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్క చాలా ముఖ్యం. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీలో నూటికి తొంభైకి పైగా కేసుల్లో మార్పు అక్కడే దొరుకుతుంది. తరచుగా కనిపించేది, టీసీజీ ఉండాల్సిన చోట టీటీజీ. ఒక్క అక్షరం మారితే ఆ భాగంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి లూసీన్ అనేది వస్తుంది, మందుకు పట్టు చిక్కదు. మందు ఈ మార్పును పుట్టించదు. కోట్ల క్రిముల్లో ఎక్కడో ఒకదానికి ముందే ఉంటుంది. మందులు సరిగా వాడకపోతే మిగతావి చచ్చి అదే పెరుగుతుంది.

ఒక రోగి నమూనాలో నేను ఆ మార్పును మొదటిసారి చూసిన రోజు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. డీఎన్ఏ చదివే మెషీన్ తెర మీద సీ అక్షరం నీలంగా, టీ ఎర్రగా వస్తాయి. నీలం శిఖరం రావాల్సిన చోట ఎర్రది లేచి ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మామయ్య కఫాన్ని అప్పుడెవరూ ఇలా చదివి చూడలేదు. ఇప్పుడు కఫాన్ని పరీక్షించే సీబీనాట్ మెషీన్ ఆ 81 అక్షరాల్లో తేడా ఉందో లేదో రెండు గంటల్లో చెప్పేస్తోంది.

రోజువారీ పని అంటావా, ఎక్కువ భాగం ఎదురుచూడటమే. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది, టీబీకి దాదాపు ఒక రోజు పడుతుంది. క్రిములు పెరగడానికి గుడ్డు కలిపి చేసిన ఆకుపచ్చ మీడియం మీద ఉప్మా రవ్వ అంటుకున్నట్టు గరుకు కాలనీలు కనబడాలంటే మూడు నాలుగు వారాలు ఆగాలి. ఒకసారి ఐదో వారంలో నా ట్యూబులన్నిటికీ బూజు పట్టింది. ఏడ్చాను, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. ఈ ఓపిక లేకపోతే ఈ పని చాలా కష్టం, అది ముందే చెప్పాలి.

అంటుకుంటుందేమోనని మీ అమ్మగారు భయపడుతున్నారని కూడా రాశావు. బతికున్న టీబీ క్రిములతో పని ప్రత్యేకమైన ల్యాబ్‌లోనే చేస్తాం. లోపలి గాలి బయటకు పొర్లకుండా ప్రెషర్ తక్కువగా ఉంచుతారు, ఎన్95 మాస్కు, గౌను, రెండు జతల గ్లోవ్స్ వేసుకుంటాం. ట్రైనింగ్ పూర్తికాకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. అమ్మగారికి ఇది వివరంగా చెప్పు.

డబ్బు సంగతి. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 ఇస్తున్నారు, హెచ్ఆర్ఏ అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత పర్మనెంట్ ఉద్యోగం వెంటనే రాదు, ఆ టెన్షన్ నిజం. పెళ్లిళ్లకు వెళ్తే "ఇంకా చదువేనా" అంటారు, నాకూ బాధేసేది.

ఇప్పటి నుంచే లినక్స్, పైథాన్ నేర్చుకో, మా పనిలో సగం కంప్యూటర్ మీదే. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి అప్లై చెయ్యి, రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉంటే నీకే తెలుస్తుంది. అందులో ఎందుకు వస్తున్నావో రాయమంటారు. రాశాక ఇక్కడ పెట్టు, చదివి చెప్తాను.