రెండే సీట్లున్న చిన్న కన్వర్టిబుల్ కొనొచ్చా? ఏడేళ్లుగా నడుపుతున్న అనుభవంతో చెప్తున్నా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చేతిలో ఉన్న కాస్త డబ్బుతో ఒక పాత కన్వర్టిబుల్, అంటే టాప్ మడిచేసి నడిపే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు కొనాలని మనసు పడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆ డబ్బుకి బుద్ధిగా ఒక నాలుగు తలుపుల బండి వస్తుంది కదా, అదేం పనికొస్తుంది" అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు. వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అయినా సరే, కొనేయండి.

ఊరికే అనడం లేదు. ఏడేళ్లుగా నా దగ్గర మొదటి తరం మజ్దా మియాటా ఉంది. కొన్ని దేశాల్లో దాన్నే ఎంఎక్స్-5 అంటారు. 1.6 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు, బటన్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. నా చేతికొచ్చేసరికే దానికి పాతికేళ్లు దాటాయి. ఇంటికి తెచ్చిన రోజు మా అన్నయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మిగతా సగం ఎప్పుడిస్తారట?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది.

ముందు స్పీడు సంగతి తేల్చేద్దాం, స్పోర్ట్స్ కారు అనగానే అందరూ అడిగేది అదే కాబట్టి. ఇది స్పీడు బండి కాదు. 115 హార్స్‌పవర్, అంతే. నిలబడ్డచోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దాకా పడుతుంది. సిగ్నల్ దగ్గర పక్కనున్న మామూలు ఫ్యామిలీ కారు, వెనక సీట్లో పిల్లలు, డిక్కీ నిండా సామాన్లు, అది కూడా నన్ను దాటుకుని వెళ్లిపోయిన రోజులున్నాయి. మొదట్లో కొంచెం పౌరుషం వచ్చేది. తర్వాత పోయింది.

ఎందుకు పోయిందంటే, దీనికి ముందు కొన్నాళ్లు నా దగ్గర బాగా పవర్ ఉన్న కారు ఒకటి ఉండేది. యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా ఆనించానో లేదో స్పీడ్ లిమిట్ దాటేసేది, ఇక నాకు మిగిలిన పనల్లా కాలు తీసేయడమే. ఆ బండిలో ఉన్న సత్తాలో పదో వంతు కూడా నేను ఏ రోజూ వాడుకోలేదు. మియాటాలో అలా కాదు. రెండో గేరులో 7,000 ఆర్‌పీఎం దాకా లాగితే ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తుంది, మీకేమో రేసులో ఉన్నట్టుంటుంది, తీరా మీటరు చూస్తే 90 దగ్గర ఉంటుంది. ఉన్న పవరంతా, ఉన్న బ్రేకంతా, టైర్లకున్న పట్టంతా మామూలు రోడ్డు మీద, లైసెన్సుకి ఎసరు రాకుండా రోజూ వాడుకోవచ్చు.

దీని కిటుకంతా బరువులో ఉంది. బండి మొత్తం వెయ్యి కిలోల లోపే. ఇంజిన్ ముందుంటుంది, తోసేది వెనక చక్రాలు, బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. అడుగున గేర్‌బాక్స్‌నీ, వెనక రెండు చక్రాలకీ శక్తిని పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ దూలం లాంటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది, దానివల్ల యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు తడుముకోకుండా తోస్తాయి. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. నన్ను మొదటి రోజే పడగొట్టింది మాత్రం గేరు రాడ్. పొట్టిగా ఉంటుంది, చేయి కదపక్కర్లేదు, మణికట్టు కదిపితే చాలు. రెండు నుంచి మూడుకి తోసేటప్పుడు తాళంకప్పలో చెవి సరిగ్గా పడ్డట్టు చిన్నగా టక్ మంటుంది. బండి ఆపేసి ఉన్నప్పుడు కూడా ఊరికే గేర్లు మారుస్తూ కూర్చున్న సందర్భాలున్నాయి. ఈ ముక్క మా ఇంట్లో చెప్పకండి.

తయారుచేసిన ఇంజనీర్లు పెట్టుకున్న జపనీస్ మాట ‘జిన్బా ఇత్తాయి’. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. కంపెనీల నినాదాలంటే నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ఇది మాత్రం మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. మీరు కూర్చునేది దాదాపు వెనక చక్రాలకి ఆనుకుని, నేలకి బాగా దగ్గరగా, కాబట్టి వెనక టైరు కాస్త జారబోతుంటే ఆ సంగతి కళ్ల కంటే ముందు నడుముకి తెలుస్తుంది.

ఇక టాప్. ముందు అద్దం పైన రెండు కొక్కేలు విప్పి, వెనక ప్లాస్టిక్ కిటికీకి ఉన్న జిప్పు తీసి, కూర్చున్న చోటి నుంచే వెనక్కి తోస్తే గుడ్డ టాప్ మడత పడిపోతుంది. మోటారు లేదు, స్విచ్ లేదు, పాడవడానికి ఏమీ లేదు. జిప్పు తీయకుండా మడిస్తే మాత్రం ప్లాస్టిక్ మీద మడత పడి గీత మిగిలిపోతుంది, బాగా చలిలో అయితే పగులుతుంది కూడా. నేనొకసారి తొందరలో అలాగే మడిచాను. ఆ గీత ఇప్పటికీ అద్దంలో చూసినప్పుడల్లా నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

మామూలు కారులో వాన మొదలైందని అద్దం మీద చినుకు పడ్డాక తెలుస్తుంది. ఇందులో అర కిలోమీటరు ముందే మట్టి వాసన వచ్చి చెబుతుంది, పక్కకి ఆపి టాప్ వేసుకునే టైమ్ కూడా దొరుకుతుంది. కోసిన గడ్డి వాసన, చెట్ల కిందికి రాగానే మెడ వెనక చల్లగా తగలడం, నీళ్ల పక్క నుంచి వెళ్తుంటే ఒక్కసారిగా గాలి మారిపోవడం, ఇవన్నీ అదే రోడ్డు మీద పదేళ్లు తిరిగిన నాకు కొత్తగా తెలిశాయి. నేను రోజూ వెళ్లే దారిలో కాదు గానీ, కొంచెం చుట్టు తిరిగి వెళ్తే ఒక పాత వంతెన వస్తుంది, దాని కింద దూరితే సొంత సైలెన్సర్ చప్పుడు రెండు గోడలకీ కొట్టుకుని చెవుల్లోకి తిరిగొస్తుంది. ఆ రెండు సెకన్ల కోసం వారానికి మూడుసార్లయినా చుట్టు తిరిగి వెళ్తాను.

లారీ వెనక ఇరుక్కుంటే పొగంతా మీదే, అదీ చెప్పాలి. లారీ పక్కన వెళ్తుంటే దాని చక్రం సరిగ్గా మీ చెవి ఎత్తులో తిరుగుతుంటుంది. భయమేస్తుంది. వేయాలి కూడా, ఎందుకంటే ఆ డ్రైవరుకి మీరు కనిపించరు. ఎవరికీ కనిపించడం లేదనుకునే నడపండి.

చాలామంది ఎండ కాస్తేనే కన్వర్టిబుల్ అనుకుంటారు. తప్పు. మిట్టమధ్యాహ్నం టాప్ తీసి ఫోజు కొట్టినవాడు మాడు మండిపోయి ఇంటికొస్తాడు, నేనూ వచ్చాను. అసలు మజా చలిలో. పక్క అద్దాలు పైకి లేపి, హీటర్ పాదాల మీదికి పెట్టి, తలకి టోపీ పెట్టుకుంటే నడుము దాకా వేడినీళ్ల తొట్టిలో కూర్చున్నట్టు, మొహానికి మాత్రం చల్లగాలి. అద్దాలు లేపితే గాలి సుడి తిరగడం సగానికి సగం తగ్గుతుంది, పక్కవాళ్లతో మామూలు గొంతుతోనే మాట్లాడుకోవచ్చు. తెల్లవారుజామున, పొద్దుగూకాక, ఈ రెండు వేళల్లో దీనికి సాటి వచ్చే కారు లేదు, ఎంత పోసి కొన్నా సరే.

అసలు ఇలాంటి కారు మనకి మిగలడమే విచిత్రం. ఒకప్పుడు చవక రోడ్‌స్టర్లంటే, అంటే ఇలాంటి రెండు సీట్ల ఓపెన్ కార్లంటే, బ్రిటిష్ వాళ్లవే. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ రెండూ 1980లో ఆగిపోయాయి, ఇక ఈ రకం కార్ల పని అయిపోయిందనుకున్నారు. అంతకు ముందే 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు విలేకరి, మజ్దా ఇంజనీరింగ్ పెద్ద కెనిచి యమమోటో దగ్గర అలాంటి తేలికైన ఓపెన్ కారు ఒకటి మీరు చేయకూడదా అని కదిపాడు. అది తిరిగి తిరిగి 1989లో షికాగో ఆటో షోలో మియాటాగా బయటికొచ్చింది. 1960ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలాన్ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి, తేడా ఏంటంటే ఇది పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. 2016కల్లా పది లక్షల బండ్లు తయారయ్యాయి. మీకు దీనివల్ల లాభమేంటంటే, అన్ని అమ్ముడయ్యాయి కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి, విప్పడం తెలిసినవాళ్లూ దొరుకుతారు.

ఇప్పుడు నా బుద్ధి తక్కువ కథ ఒకటి. మూడో ఏడాది వానల్లో డ్రైవర్ సీటు వెనక కార్పెట్ తడిగా తగిలింది. ఒక మెకానిక్‌కి చూపిస్తే టాప్ మొత్తం మార్చాలి అన్నాడు. చేతిలో అంత డబ్బు లేక ఆగాను, ఆగడమే మంచిదైంది. ఈ బండికి టాప్ మీద పడ్డ నీళ్లు అంచు వెంట జారి, సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి కిందికి పోతాయి. నేనేమో బండిని చెట్టు కింద పెట్టేవాణ్ని. ఆకులూ దుమ్మూ ఆ గొట్టంలో గడ్డ కట్టాయి, పోయే దారి లేక నీళ్లు లోపలికొచ్చాయి. మెత్తటి ప్లాస్టిక్ తీగ ఒకటి మెల్లగా లోపలికి దింపి కదిలిస్తే, ముందు నల్లటి బురద, తర్వాత బుడబుడమంటూ ఓ చెంబెడు నీళ్లు వెనక చక్రం ముందు నుంచి కారిపోయాయి. టాప్‌కి ఎక్కడా చిల్లే లేదు. కాకపోతే అప్పటికే ఆ తడి తలుపు కింది రేకు లోపలికి దిగి తుప్పు పట్టించింది, దానికి వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే, ఏడాదికి రెండుసార్లు చేయాల్సిన పది నిమిషాల పని మూడేళ్లు చేయలేదు.

అందుకే చెప్తున్నా, కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు విని మురిసిపోకండి, ముందు కింద పడుకుని బాడీ చూడండి. వెనక చక్రాలకి కాస్త ముందు, తలుపు కింద ఉండే భాగాన్ని వేలితో నొక్కండి, మెత్తగా ఉన్నా, కొత్తగా రంగు వేసినట్టున్నా అనుమానించండి. సీట్ల వెనక కార్పెట్ కింద అరచెయ్యి పెట్టి చూడండి. ఇంజిన్ గట్టి పిండం. ఇంజిన్‌లో వాల్వుల్ని సరైన వేళకి తెరిపించే టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి, ఒకవేళ తెగినా ఈ 1.6లో వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకోవు, దారిలో ఆగిపోతారంతే. ఇంజిన్ బాగుచేయడం తేలిక, తుప్పు పట్టిన బాడీని బాగుచేయడం అంతులేని కథ.

కుదరని సంగతులూ ఉన్నాయి. ఆరడుగులు దాటినవాళ్లు కూర్చుని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, తల టాప్‌కి తగులుతుంది, మొదటి తరంలో స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు కాబట్టి మోకాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. డిక్కీలో రెండు మెత్తటి బ్యాగులు పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. అమ్మానాన్నల్ని ఇద్దర్నీ ఒకేసారి ఎక్కడికీ తీసుకెళ్లలేను, ఇద్దరిలో ఎవరు ముందు అనే పంచాయితీ ఒకటి. హైవే మీద టాప్ వేసి ఉన్నా రొదే. చిన్నపిల్లలుంటే ఇంట్లో ఇదొక్కటే కారుగా పెట్టుకోవద్దు, అలా పెట్టుకోమని నేను కూడా చెప్పను. నాకు మాత్రం మొదటి నాలుగేళ్లు ఇదే ఏకైక బండి. నిలువెత్తు పుస్తకాల బీరువాని టాప్ తీసేసి, పక్క సీట్లో నిలబెట్టి, బెల్టు పెట్టి, మెల్లగా నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. మరి ఈ బండికి పైన హద్దు లేదు కదా.

మియాటాయే కొనాలని లేదు. 1998లో వచ్చిన రెండో తరంలో వెనక గాజు అద్దం ఉంటుంది, నా గీత బాధ మీకుండదు, కాకపోతే లేచే హెడ్‌లైట్లు పోయాయి. 2015 నాటి నాలుగో తరం మళ్లీ వెయ్యి కిలోల దగ్గరికి దిగొచ్చింది, డబ్బు పెట్టగలిగితే అదే తీసుకోండి. ఇంజిన్ మధ్యలో ఉండే టయోటా ఎంఆర్-ఎస్ నడపడానికి అద్భుతంగా ఉంటుంది గానీ సామాన్లు పెట్టే చోటు ఇంతకంటే అన్యాయం. హోండా ఎస్2000 గురించి కలలు కనొచ్చు, అది ఇప్పుడు చవక కారు కాదు. ఏది కొన్నా మొదటి ఏడాది పవర్ పెంచే టర్బోలూ గిర్బోలూ తగిలించకండి, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి, బండి రెండింతలు మారిపోతుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు, వద్దంటున్న ఆ స్నేహితుల్లో ఒకర్ని తప్పకుండా తీసుకెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌లో అమ్మేవాడు మీ పక్క సీట్లో కూర్చుంటాడు, కాబట్టి మీరు తిరిగొచ్చేదాకా మీ స్నేహితుడు రోడ్డు పక్కనే నిలబడాలి. మీరు వచ్చి ఆగాక మీ మొహం చూసి ఏమంటాడో నాకు కింద కామెంట్లో చెప్పండి.