గొంతు పెంచని ఎమ్మెల్యేకి మన రాజకీయాల్లో చోటుందా?

"నెమ్మదిగా మాట్లాడే, ఎవరితోనూ తెగేదాకా లాగని ఎమ్మెల్యేలకు మన దగ్గర భవిష్యత్తు ఉందా?" అని అడిగారు. ఉంది. నేను చీరాల వాణ్ణి, అందుకే ఈ ప్రశ్న చూడగానే నాకు మాజీ ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్యగారే గుర్తొచ్చారు. 1989లోనూ 2004లోనూ ఆయన్ని అసెంబ్లీకి పంపింది మా ఊరే.

2009 సెప్టెంబర్ 2 నాకు నిన్న జరిగినట్టుంది. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా, పద్దులు రాసేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన మనిషి మళ్ళీ కొట్టుకు వెళ్ళలేదు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ పొద్దున బేగంపేటలో బయల్దేరి నల్లమల మీద కనిపించకుండా పోయింది. టీవీలో ఒక ఛానెల్ క్షేమంగా దిగారంటుంది, ఇంకో ఛానెల్ రోడ్డు మార్గాన వెళ్తున్నారంటుంది. వీధిలో వాళ్ళంతా మా ముందు గదిలోనే ఉన్నారు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. నాన్న గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు, టీ మీద తొరక కట్టింది.

అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న రోశయ్యగారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో, పక్కన ప్రధాన కార్యదర్శితో విలేకరుల ముందుకొచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆచూకీ ఇంకా దొరకలేదని, గాలింపు జరుగుతోందని చెప్పారు. ఊహలు కట్టలేదు, ఏడవలేదు, ధైర్యం చెప్పే వంకతో అబద్ధం ఆడలేదు. మా నాన్న గ్లాసు కింద పెట్టి, "చూడరా, తెలిసింది తెలిసినంతే చెబుతున్నాడు. ఒక్క అంకె కూడా కలపలేదు" అన్నారు. నలభై ఏళ్ళు పద్దులు రాసిన మనిషి నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ తలుపులు వేసుకోలేదు. మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయన్నారు. ఆ రోజే 76 ఏళ్ళ రోశయ్యగారి చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు.

ఆయన్ని మెతక మనిషి అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనేమీ నోట్లో నాలుక లేని మనిషి కాదు. సభలో ఆయన లేస్తే ఎదుటి పక్షం వాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగేవి ఆ చమత్కారాల ముక్కలే. పిల్లలు ఆయన్ని హాస్యం చెప్పే తాతగా మాత్రమే ఎరుగుదురు, అది నాకు చాలా బాధ. చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, రాజశేఖరరెడ్డి ఒకరితో ఒకరికి పొసగని ముఖ్యమంత్రులు. నలుగురూ ఖజానా తాళాలు ఆయన చేతికే ఇచ్చారు. 2004 నుంచి వరసగా ఏడు బడ్జెట్లు ఆయనే పెట్టారు. వెనక పెద్ద కులబలం లేదు, కార్ల మీద ఊరేగే అనుచరగణం లేదు. లెక్క తెలుసు, మాట అదుపులో ఉంది, అంతే. ఈ రోజు బడ్జెట్ పద్దులు ఒక్క మాట చర్చ లేకుండా, అవును-కాదు అని నోటితో చెప్పే మూజువాణి ఓటుతో వెళ్ళిపోతుంటే, మా నాన్న బడ్జెట్ రోజున సెలవు పెట్టుకుని మరీ టీవీ ముందు కూర్చోవడం గుర్తొస్తుంది.

ముఖ్యమంత్రిగా ఉన్నది 14 నెలలే, నిజమే. అక్టోబర్‌లో కర్నూలు నీట మునిగింది. నవంబర్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9న తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని ఢిల్లీ ప్రకటన, ఆ వెంటనే ఇటువైపు ఎమ్మెల్యేల రాజీనామాలు. అటు తెలంగాణ మిత్రులూ తిట్టారు, ఇటు మా కోస్తావాళ్ళూ తిట్టారు. ఆ రోజుల్లో ఆ కుర్చీలో నోటి దురుసు మనిషి ఎవరున్నా ఒక్క మాటతో రాష్ట్రం అంటుకుపోయేది. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను వెనక్కి తగ్గను. 2010 నవంబర్ 24న గోల లేకుండా రాజీనామా ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. తర్వాత తమిళనాడు గవర్నర్‌గా 2011 నుంచి 2016 దాకా పూర్తికాలం చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలాంటి మనిషి చట్టసభలోకి మొదట వచ్చింది శాసనమండలి, అంటే రాష్ట్ర ఎగువ సభ దారిలో, 1968లో. 1974, 1980ల్లోనూ అక్కడికే ఎన్నికయ్యారు. 1985లో మండలిని తీసేశారు, 2007లో మళ్ళీ తెచ్చారు, 2020 జనవరిలో మళ్ళీ తీసేద్దామని తీర్మానం చేశారు. జనాన్ని రెచ్చగొట్టడం చేతకాని, ఎన్నికల ఖర్చు మోయలేని నెమ్మదస్తులకు మిగిలింది ఆ ఒక్క తలుపే. దాన్ని మూస్తే మీరు అడిగిన ఎమ్మెల్యేలు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారు?

ఆ తీర్మానాన్ని 2021 నవంబర్ 23న వెనక్కి తీసుకున్నారు. డిసెంబర్ 4న రోశయ్యగారు పోయారు. ఆ రోజు నాన్న కొట్టు నుంచి మధ్యాహ్నమే వచ్చేశారు. టీవీ పెట్టమన్నారు, అంతకు మించి ఏమీ మాట్లాడలేదు.