గైనిక్ పీజీలకు ఎంత వచ్చో రాత పరీక్షతో తెలుస్తుందా?

మీరు ఎమ్మెస్ గైనిక్ రెండో ఏడాది చదువుతున్నామన్నారు. నెలకోసారి ఎంసీక్యూ పరీక్ష పెట్టి మార్కులు నోటీసు బోర్డుకు అంటిస్తామంటున్నారట, దాంతో మాకు నిజంగా ఎంత వచ్చో తెలుస్తుందా అని మీ ప్రశ్న. నేను దక్షిణ తెలంగాణలోనే ఒక సర్కారు బోధనాసుపత్రిలో పీజీలకు పాఠాలు చెప్తున్నాను. పరీక్ష పెట్టనివ్వండి. మార్కులు గోడకు అంటించడం మాత్రం వద్దని అందరూ కలిసి అడగండి.

రాత పరీక్షకు దాని పని ఉంది. అమెరికాలో గైనిక్ రెసిడెంట్లకు ఏటా క్రియోగ్ అనే ఎంసీక్యూ పరీక్ష ఉంటుంది. ఎవరు ఏ భాగంలో వెనకబడ్డారో వాళ్లకూ, చెప్పేవాళ్లకూ తెలియడమే దాని ఉద్దేశం, పాస్ ఫెయిల్ తేల్చడానికి పెట్టింది కాదు. మన దగ్గర మూడేళ్ల చివర నాలుగు పేపర్లు, క్లినికల్స్, వైవా. లోటు అప్పుడు బయటపడితే దిద్దుకునే సమయం ఎక్కడిది? అందుకే మధ్యమధ్యలో పరీక్షలు కావాలంటాను. కానీ లేబర్ రూమ్‌లో అవసరమయ్యే తెలివి ఆ కాగితం మీద సగమే కనబడుతుంది.

ఎక్లాంప్సియాకు (బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ రావడం) ప్రిచార్డ్ రెజిమెన్ (మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే ఒక పద్ధతి) రాయమంటే అందరూ రాస్తారు. నేను ఇట్లా అడుగుతా: "ఫిట్స్‌తో కేసు దిగింది. మెగ్‌సల్ఫ్ ఎన్ని ఆంపూల్స్ తెమ్మని సిస్టర్‌కు చెప్తావు?" మన దగ్గర దొరికే 2 ఎంఎల్, 50 శాతం ఆంపూల్‌లో ఉండేది 1 గ్రాము. నరానికి 4 గ్రాములు, రెండు పిరుదులకు ఐదేసి గ్రాములు, మొత్తం 14 ఆంపూల్స్. నరానికిచ్చే నాలుగింటికి 12 ఎంఎల్ సెలైన్ కలిపితే 20 ఎంఎల్ అవుతుంది, అది నెమ్మదిగా ఎక్కించాలి. పుస్తకం అప్పజెప్పిన పీజీలు కూడా ఈ లెక్క దగ్గర ఆగిపోవడం చూశాను. లెక్క చెప్పాక కేసు మారుస్తా. నాలుగు గంటలు గడిచాయి, బ్యాగులో యూరిన్ 60 ఎంఎల్ మాత్రమే ఉంది, మోకాలి జర్క్ రావడం లేదు. తర్వాతి డోసు ఇస్తావా? డోసు ఆపి, శ్వాస లెక్కబెట్టి, మెగ్‌సల్ఫ్‌కు విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా పెట్టుకుంటానని తడుముకోకుండా చెప్పిన అమ్మాయికి ఆ పాఠం వచ్చిందని నమ్ముతాను.

కాన్పు తర్వాతి రక్తస్రావం కేసులోనూ ఇదే పద్ధతి. దేవరకొండ అవతల తండాలో ఇంట్లోనే కాన్పు అయి, 108లో వచ్చిందనుకుందాం. రక్తం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము అని డోసు చెప్పడం తేలిక. కాన్పు ఎన్ని గంటలకైందని ముందు అడిగిందా లేదా అన్నది నేను చూస్తాను. 2017లో వచ్చిన వుమన్ ట్రయల్ అనే అధ్యయనం చెప్పింది అదే కదా: మూడు గంటల్లోపు ఇస్తేనే దాని లాభం. గర్భసంచి బిగిసేలా చేసే కార్బోప్రోస్ట్ ఇచ్చే ముందు "దమ్ము వస్తదా అమ్మా?" అని, అంటే ఆస్తమా ఉందా అని, పేషెంటునో, వెంట వచ్చిన అత్తనో అడగాలి. అదే పని చేసే మెథర్జిన్ ఇచ్చే ముందు బీపీ చూడాలి. ఈ మూడు ప్రశ్నలు వాటంతటవే నోట్లోంచి వస్తున్నాయా అన్నది పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

పాలమూరు వైపు పనిచేసేవాళ్లకు ఇంకోటి. పుణె, ముంబై పనికి పోయి ఏడో నెలనో ఎనిమిదో నెలనో తిరిగొచ్చిన పేషెంటు చేతిలో స్కానింగ్ కాగితం ఉండదు. "బతుకమ్మ అయినంక నాలుగొద్దులకు తానం చేసిన" అంటుంది, అంటే ఆఖరి నెలసరి అప్పుడైందని. బతుకమ్మ తేదీ ఏటా మారుతుంది. ఆ ఏడాది పండుగ తేదీ పట్టుకుని వారాలు లెక్కగట్టి, పొట్ట ఎత్తుతో సరిచూసి, బీపీ 160/110 ఉన్న ఆమెకు 34 వారాలు దాటాయా, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ అవసరమా అని తేల్చాలి. ఇలాంటి ప్రశ్న ఏ ఎంసీక్యూ బ్యాంకులోనూ దొరకదు. అందుకే మన ప్రశ్నలు మన ఓపీలోంచే తయారు చేసుకోవాలి.

చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి సిజేరియన్ల పేజీలు నిండడం పెద్ద విషయం కాదు. ఒక్కో ఎంట్రీ మీద వేలు పెట్టి "ఇది ఎందుకు చేశాం? ఇంకో రెండు గంటలు ఆగితే ఏమయ్యేది?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. వాక్యూమ్ కాన్పు, బ్రీచ్ (ఎదురుకాళ్ల బిడ్డ) లాంటివి కళ్ల ముందు చేయించి చూడాల్సిందే. సంతకం పెట్టి వదిలేస్తే అది ఆ పీజీకీ, రేపు ఆమె చేతికొచ్చే తల్లికీ అన్యాయం.

అడిగే తీరు కూడా ముఖ్యమే. పేషెంటు ముందు, ఆయా ముందు నిలబెట్టి అడిగితే తెలిసిన జవాబు కూడా నోటికి రాదు, అప్పుడు మనం చూసేది ఆమె భయాన్ని. డ్యూటీ అయ్యాక గదిలో కూర్చోబెట్టి, ఏది సరిగ్గా చెప్పిందో, ఏది చదువుకోవాలో ఆ రోజే చెప్పాలి. నెల తర్వాత చెప్తే ఆ కేసు ఎవరికి గుర్తుంటుంది?

మీరు మీ హెచ్‌ఓడీ మేడమ్‌ను అడగాల్సింది ఒక్కటే: ఎంసీక్యూతో పాటు వారానికో కేసు, పది నిమిషాలు, మీరు చేస్తుంటే ఒక సీనియర్ చూడాలి. మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి (జిల్లా ఆసుపత్రిలో పని) వెళ్లకముందే రక్తస్రావం, ఎక్లాంప్సియా, షోల్డర్ డిస్టోషియా (కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కోవడం) ఈ మూడూ బొమ్మ మీదనైనా చేయించమనండి. అక్కడ రాత్రి పూట పక్కన అడగడానికి సీనియర్ ఉంటారన్న నమ్మకం లేదు.