ముందు పోయే బండికి దూరంగా ఉండు అల్లుడూ

అల్లుడూ,

లెర్నింగ్ లైసెన్సు వచ్చిందని, బండి కూడా ఇంటికొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. క్లచ్చు, గేర్లు, మలుపులో బండి వంచడం ఇవన్నీ ఎవరో ఒకరు నేర్పుతారు, నాలుగు రోజుల్లో చేతికొచ్చేస్తాయి. ముందు పోయే బండికి ఎంత వెనక ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం. ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి రిటైరైనవాణ్ణి కదా, నా బస్సు వెనక అతుక్కుని వచ్చే బైకులను అద్దంలో చాలానే చూశాను. అద్దంలో కనపడకుండా వచ్చినవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

బస్సుకో లారీకో సరిగ్గా వెనక నడుమన ఉన్నావంటే ఆ డ్రైవరుకు నువ్వు లేనట్టే. పక్క అద్దంలో ఆయన ముఖం నీకు కనపడుతోందా చూసుకో, కనపడకపోతే నువ్వూ ఆయనకు కనపడవు. నీకేమో ముందు రోడ్డే ఉండదు, బస్సు వెనక అంటించిన ప్రకటన తప్ప.

దూరం బ్రేకు కోసమే అనుకుంటారు అందరూ. నన్నడిగితే బ్రేకు కంటే ముందు చూపు కోసం. రోడ్డు మీద గుంత, లారీ టైరు నుంచి ఊడిన రబ్బరు ముక్క, చచ్చిన కుక్క, రిపేరొచ్చి ఆగిన లారీ చక్రం కింద పెట్టి తర్వాత అక్కడే వదిలేసి పోయిన బండరాయి, ఇవేవీ నీ ముందున్న కారువాడికి లెక్కే కాదు, రెండు చక్రాల మధ్య నుంచి వదిలేసి పోతాడు, బ్రేకు కూడా ముట్టుకోడు కాబట్టి నీకు ఎర్ర లైటు కూడా వెలగదు. అది కారు కడుపు కింద నుంచి వచ్చి సరాసరి నీ ముందు చక్రం దగ్గర తేలుతుంది. అందుకని నడుమన పోకు, కారు చక్రం పోయిన జాడలో పో. నాలుగు లైన్ల రోడ్డయితే కుడి చక్రం జాడ మంచిది, ముందుకు తొంగి చూడొచ్చు. ఎదురు బండ్లు వచ్చే రోడ్డు మీద మాత్రం ఎడమ జాడే, అక్కడ ముందు తక్కువ కనపడుతుంది కాబట్టి దూరం ఇంకాస్త పెంచు.

ఎంత దూరమంటే మీటర్లలో చెప్పి లాభం లేదు, బండి మీద టేపు పట్టుకుని కొలవలేవు. ముందు బండి ఏ కిలోమీటరు రాయినో చెట్టునో దాటగానే మనసులో లెక్క మొదలుపెట్టు: వెయ్యినొక్కటి, వెయ్యిన్రెండు, వెయ్యిన్మూడు. మూడు పూర్తవకముందే నువ్వు ఆ రాయి దగ్గరికి వచ్చేశావంటే బాగా దగ్గరగా ఉన్నావని. వాన పడుతున్నా చీకటి పడినా ఇంకో రెండు కలుపు. 60 మీద పోతుంటే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది, నేను నడిపిన బస్సు పొడవు కంటే ఎక్కువ, ఆ సెకను కాస్తా నీ కంటికి విషయం అంది చేయి బ్రేకు మీదికి పోయేలోపే అయిపోతుంది. ఆపైన అసలు బ్రేకు. స్పీడు రెండింతలైతే బ్రేకు వేశాక బండి జారే దూరం నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు.

నువ్వు ఖాళీ వదిలితే ఎవడో ఆటోవాడు అందులో దూరతాడు. దూరనీ. కోపం తెచ్చుకోకుండా మళ్లీ మూడు లెక్కపెట్టేంత వెనక్కి తగ్గు. మిర్యాలగూడ నుంచి నల్గొండ పోయేలోపు పదిమంది దూరినా నీకు పోయేది అర నిమిషం. వెనకనుంచి ఎవడైనా మీదికొస్తూ హారన్ కొడితే స్పీడు పెంచకు, వాడికి దారిచ్చెయ్.

ఇక మన దగ్గర కోతల కాలం సంగతి వేరే చెప్పాలి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద మిల్లుల దగ్గర వడ్ల ట్రాక్టర్లు వరుసకట్టి ఉంటాయి, చాలా ట్రాలీలకు వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు ఉన్నా దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రి పైన నల్ల పట్టా కప్పుతారు. నల్ల తారు మీద నల్ల పట్టా, ఎదురుగా వచ్చేవాడి హైబీమ్ కళ్లలో పడిందంటే ఏమీ కనపడదు. యాసంగి, వానాకాలం రెండు పంటలకూ ఇదే తంతు. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఊళ్ల దారిలో 40 దాటకు. చక్రం వడ్ల మీదికి ఎక్కిందంటే బ్రేకు తొక్కకు, హ్యాండిల్ తిప్పకు, యాక్సిలేటర్ వదిలేసి తిన్నగా పోనీ. ఇసుకకూ అంతే, మొదటి వానకూ అంతే, జూన్‌లో తొలి జల్లుకు రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుడైపోతాయి.

ఆటోవాడి తల ఎడమకు తిరిగిందంటే, అక్కడెవరో చెయ్యెత్తారంటే, ఆటో ఆగబోతోందని. బ్రేకు లైటు కోసం ఎదురుచూడకు. ఆగిన కారులో మనిషి తల కనపడితే తలుపు తెరుచుకుంటుందనుకో. గేదె ఒకటి దాటితే ఇంకోటి వెనకే వస్తుంది. డివైడర్ సందు ఎక్కడున్నా రాంగ్‌సైడులో ఒక బైకు ఉంటుందని ముందే అనేసుకో.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావని ఊళ్లో ప్రతివాడూ చెప్తాడు. నమ్మకు. బ్రేకు పడగానే బరువంతా ముందుకే వస్తుంది, కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. ఒక్కసారిగా గుంజకుండా నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగిస్తూ పో, వెనక బ్రేకు కూడా కలుపు. బండి వంగి ఉన్నప్పుడు మాత్రం వద్దు. బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ నీ బండికి లేదట కదా, చక్రం పట్టేసినట్టు అనిపిస్తే కొంచెం వదిలి మళ్లీ పట్టు. ఇది ఖాళీ రోడ్డు మీద ముందే సాధన చేయాలి, ప్రమాదం ఎదురైన రోజు మొదలుపెడితే రాదు.

దోస్తును వెనక ఎక్కించుకుని సాగర్ పోతానన్నావట. ఎల్ బోర్డు ఉన్నన్నాళ్లూ నేర్పేవాడు తప్ప ఇంకొకరు నీ వెనక కూర్చోవడానికి లేదు, అది చట్టం. పైగా ఇంకో 60 కిలోల బరువుతో బండి ఎలా ఆగుతుందో నీకింకా తెలియదు. పక్కా లైసెన్సు వచ్చాక పోదురుగానీ.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా వస్తాను, నాకు బైకు లైసెన్సు కూడా ఉంది కాబట్టి వెనక కూర్చుంటా, నువ్వు నడుపు. లెక్క మాత్రం నాకు వినపడేట్టు పైకే చెప్పాలి. నాకూ ఒక హెల్మెట్ చూసి పెట్టు, ఐఎస్‌ఐ గుర్తున్నదే, రోడ్డు పక్కన దొరికే టోపీ కాదు.

మీ మామయ్య